అనుభవం ఉద్యోగమయ్యేదెప్పుడు?

నెల్లూరు జిల్లా అల్లూరు చుట్టుపక్కల ఇంట్లో ఒకరికి మతి తప్పితే, ఇంటివాళ్ళు ఎక్కే మొదటి బస్సు నెల్లూరు పెద్దాసుపత్రికి పోయేదే అవుతుందని చెప్పలేం. అనుమసముద్రంపేట దర్గాకు పోవచ్చు, గొలగమూడి ఆశ్రమానికి పోవచ్చు. ఆసుపత్రి వంతు ఆ తర్వాతే వస్తుంది. దీన్ని మూఢనమ్మకమని ఒక్క మాటతో కొట్టిపారేస్తే అసలు సంగతి చేజారిపోతుంది. దర్గా ఆవరణలో పక్క చాప మీద ఇంకో కుటుంబం ఉంటుంది. వాళ్ళ పిల్లవాడూ రాత్రిళ్ళు నిద్రపోడు. ఆ తల్లీ అప్పులు చేసి వచ్చింది. రెండు రోజులు గడిచేసరికి ఈ తల్లి ఆ తల్లిని ‘మీవాడికి ఎన్నాళ్ళకు తగ్గింది?’ అని అడుగుతుంది. ఓపీ చీటీ పట్టుకుని వరసలో నిలబడ్డ చోట ఈ ప్రశ్న అడగడానికి మనిషీ దొరకడు, తీరికా దొరకదు.

మానసిక అనారోగ్యం నుంచి కోలుకున్నవారు, లేదా దానితోనే బతకడం నేర్చుకున్నవారు, అదే దారిలో వెనక వస్తున్నవారికి తోడు నిలవడాన్ని ఆరోగ్య రంగంలో పీర్ సపోర్ట్ అంటున్నారు. ఆ పనిని జీతానికి చేసేవాళ్ళు పీర్ వర్కర్లు. ఇది మందులకు బదులు కాదు, కౌన్సెలింగ్ డిగ్రీకీ బదులు కాదు. ఇది ఎంతవరకు పనిచేస్తుంది, మన దగ్గర దీనికి ముందుగా ఏమైనా జరిగిందా, అల్లూరు లాంటి చోట దీన్ని నిలబెట్టాలంటే ఏం కావాలి అన్నవి ఈ సమీక్షకు ప్రశ్నలు. నా మొగ్గు ముందే చెప్పేస్తాను. ఇది పనికొచ్చే పని. సేవ పేరుతో ఊరికే చేయిస్తే మాత్రం చెడిపోయే పని.

గుడినీ దర్గానీ ఆసుపత్రికి పోటీగా నిలబెట్టే ముందు తమిళనాడులో జరిగిన రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూడాలి. ముత్తుస్వామి గుడిలో కొన్ని వారాలు ఉండిపోయిన 31 మంది మానసిక రోగులను నిమ్హాన్స్ డాక్టర్లు పరిశీలించి 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. అక్కడ మందులు లేవు, పెద్ద తతంగమూ లేదు. కుటుంబంలో ఒకరు వెంట ఉండాలి, గుడి పనుల్లో చేయి వేయాలి, అంతే. సగటున ఆరు వారాలుంటే లక్షణాలు ఇంచుమించు 20 శాతం తగ్గాయి. దానికి ఏడాది ముందు, 2001 ఆగస్టు 6న, ఏర్వాడి దర్గా దగ్గర ప్రైవేటుగా నడుపుతున్న ఒక షెడ్డుకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది రోగులు చనిపోయారు. నమ్మకం రెండు చోట్లా ఉంది. గుడిలో మనిషి పక్కన మనిషి కూర్చున్నాడు. షెడ్డులో మనిషిని గొలుసుకు అప్పజెప్పి ఇంటివాళ్ళు వెళ్ళిపోయారు.  

బయటి చరిత్రను త్వరగా దాటేద్దాం. పద్దెనిమిదో శతాబ్దం చివర పారిస్‌లోని బిసెత్ర్ ఆసుపత్రిలో రోగుల వార్డు చూసుకున్న పుస్సాఁ ఒకప్పుడు అక్కడే గండమాలకు వైద్యం చేయించుకున్నవాడు. కోలుకున్న రోగులనే కాపలాకు, సేవకు పెట్టుకుంటే కొట్టడం తిట్టడం తగ్గుతుందని అతను గమనించాడు, వైద్యుడు పినెల్ దాన్ని లోకానికి చెప్పాడు. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో ఇద్దరు తాగుబోతుల మాటల్లోంచి ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది. 1948లో న్యూయార్క్‌లో, ఆసుపత్రి నుంచి బయటపడ్డ రోగులు కలుసుకోవడంతో ఫౌంటెన్ హౌస్ మొదలైంది. వీటన్నిటికంటే మనకు ముఖ్యమైంది 1999లో జార్జియా రాష్ట్రం వేసిన అడుగు. పీర్ వర్కర్ పనికి ప్రభుత్వ ఆరోగ్య పథకం నుంచే డబ్బు చెల్లించడానికి ఆ రాష్ట్రం ఒప్పుకుంది. అంతదాకా దయగా సాగినది అక్కడ జీతం పట్టికలోకి ఎక్కింది.

ఇక ఆధారాల సంగతి. ఈ రంగంలో ఉత్సాహం ఎక్కువ, లెక్కలు తక్కువ. 2013లో వచ్చిన కోక్రేన్ సమీక్ష 11 పరీక్షలను, 2,796 మందిని చూసింది. అనుభవస్థులు చేసిన పని ఫలితాల్లో నిపుణులు చేసిన పనికి ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదు. మరుసటి ఏడాది తీవ్ర మానసిక వ్యాధుల మీద 18 పరీక్షలను కలిపి చూసిన ఇంకో సమీక్ష, ఆసుపత్రిలో చేరడం తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదంది. ఆశ, నా బతుకు నా చేతిలో ఉందన్న భావం కొంత పెరిగినట్టు మాత్రం రాసింది. 2018లో లాన్సెట్‌లో వచ్చిన ఇంగ్లండ్ పరీక్షలో 441 మంది ఉన్నారు. పీర్ వర్కర్ తోడుగా స్వీయ నిర్వహణ పుస్తకం ఇచ్చినవారిలో ఏడాదిలోపు 29 శాతం మంది మళ్ళీ అత్యవసర వైద్యానికి వచ్చారు. పుస్తకం మాత్రం పోస్టులో అందుకున్నవారిలో 38 శాతం మంది వచ్చారు. బాగుందే అనుకునేలోపు 2022లో అదే దేశంలో ఇంకో పెద్ద పరీక్ష ఫలితం బయటికొచ్చింది. డిశ్చార్జి సమయంలో పీర్ వర్కర్‌ను జతచేసినా మళ్ళీ చేరేవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఇవి చదివి నీరసపడాల్సిన పనిలేదు, కాకపోతే జాగ్రత్తగా చదవాలి. ఆ పరీక్షల్లో పీర్ వర్కర్ లేని జట్టులో ఉన్నవాడికి కూడా ఇంటికొచ్చే నర్సు ఉంది, సోషల్ వర్కర్ ఉంది, ఫోనెత్తితే పలికే సంక్షోభ బృందం ఉంది. అంత ఏర్పాటు మీద అదనంగా చేర్చిన మనిషి ఏం తెచ్చాడని అక్కడ కొలిచారు. అల్లూరులో పీర్ వర్కర్ లేని జట్టు అంటే ఏమీ లేకపోవడమే. నెల్లూరులో రాసిచ్చిన నెల మందులు అయిపోతాయి, మళ్ళీ పోవడానికి కూలి పోగొట్టుకుని వెంట వచ్చేవాళ్ళుండరు, నాలుగో నెలలో మనిషి మళ్ళీ మొదటికొస్తాడు. కాబట్టి ఇంగ్లండ్ ఫలితం ఇక్కడికి అచ్చంగా వర్తిస్తుందనీ అనలేం, వర్తించదనీ అనలేం. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో వైద్యం అందనివారి వాటా జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం దాకా ఉంది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. మన లెక్క మనకు పక్క రాష్ట్రాల లెక్కలోంచి ఊహించుకునేదే.

మన దేశంలో జరిగిన పనిని చూసేటప్పుడు ఒక తికమక తొలగించుకోవాలి. డాక్టరు కానివాళ్ళు చేసే మానసిక ఆరోగ్య సేవనంతా పీర్ సపోర్ట్ కిందే కట్టేస్తున్నారు. అది తప్పు. స్కిజోఫ్రేనియా ఉన్న 282 మందితో జరిపి 2014లో లాన్సెట్‌లో ప్రచురించిన కాప్సీ పరీక్షలో ఇళ్ళకు వెళ్ళినవాళ్ళు శిక్షణ పొందిన స్థానిక కార్యకర్తలు. మేలు ప్రధానంగా తమిళనాడు పల్లె ప్రాంతంలో కనిపించింది, ఆ సంగతి ఈ తీరానికి దగ్గరిదే. కానీ ఆ కార్యకర్తలు ఆ జబ్బు పడి లేచినవాళ్ళు కారు. పశ్చిమ గోదావరిలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ నడిపిన స్మార్ట్ ప్రాజెక్టులో ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ తిరిగారు, దిగులు జబ్బు తగ్గిన ఆనవాళ్ళూ దొరికాయి. వాళ్ళూ పీర్లు కారు. గుజరాత్‌లోని మెహసాణా జిల్లాలో ‘ఆత్మీయత’ పథకం ఊరి పెద్దమనసువాళ్ళను, మహిళా సంఘాల సభ్యులను పోగుచేసింది. వాళ్ళు మంచి ఇరుగుపొరుగు. ఒక్క గుజరాత్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2014 నుంచి రోగుల హక్కుల కోసం నడిచిన క్వాలిటీ రైట్స్ పనిలో మాత్రం అసలైన అనుభవస్థులు వార్డుల్లోకి వెళ్ళి కూర్చున్నారు. పుణేలోని మానసిక ఆరోగ్య చట్టం, విధానాల కేంద్రం దాని వెనక ఉంది. జర్మనీ, ఉగాండా, టాంజానియా, ఇజ్రాయెల్‌తో కలిసి పీర్ సపోర్ట్ మీద జరిగిన అప్‌సైడ్స్ అధ్యయనంలో భారత్ తరఫున పాల్గొన్నదీ ఆ కేంద్రమే.

2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సముదాయ మానసిక ఆరోగ్య సేవల మీద పెద్ద మార్గదర్శిని వేసింది. అందులో మన దేశం బాగానే కనబడుతుంది. చెన్నై బ్యానియన్ వారి ‘హోమ్ ఎగైన్’ ఉంది, ఆత్మీయత ఉంది, కోల్‌కతా ‘నయా దౌర్’ ఉంది. పీర్ సపోర్ట్ అధ్యాయానికి వచ్చేసరికి నైరోబి ఉంది, కెనడాలోని ఆంటారియో ఉంది, గొంతులు వినబడేవారి సంఘాలు ఉన్నాయి. మనవాళ్ళు లేరు. దయగల పొరుగువాణ్ణి తయారు చేయడం మనకు వచ్చు, రోగిగా ఉన్నవాడికి కుర్చీ వేయడమే ఇంకా రాలేదు.

నిజానికి ఈ జిల్లాకు ఆ విద్య తెలియనిది కాదు. 1991లో నెల్లూరులో అక్షరాస్యతా ఉద్యమం ఊపందుకున్నాక, ‘సీతమ్మ కథ’ లాంటి పాఠాలు చదువుకున్న ఆడవాళ్ళు కలిగిరి మండలం దూబగుంటలో సారా అంగడి మూయించారు. వాళ్ళలో రోసమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ కదలిక వెనకే రోజుకో రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు లేచాయి. రాత్రి బడిలో జరిగిందేమిటి? ‘నా మొగుడూ ఇంతే’ అని ఒకామె నోరు విప్పింది, ‘మావాడూ ఇంతే’ అని పక్కామె అంది. ఇంట్లో సిగ్గుగా దాచుకున్నది బయట అందరి కష్టమని తేలింది. దానికి ఎవరూ ఆరోగ్య శాస్త్రం పేరు పెట్టలేదు గానీ, పని అదే. అయితే ఒక లోటు మాత్రం మిగిలింది. తాగుబోతుల భార్యలకు సంఘం దొరికింది, తాగేవాడికి దొరకలేదు. అతనికి అంగడి మూత తప్ప మరో వైద్యం లేకపోయింది. సంపూర్ణ మద్య నిషేధం వచ్చి, 1997లో ఎత్తేసేనాటికి కూడా చేతులు వణికేవాడి పక్కన కూర్చునే మనిషి పల్లెలో లేడు.

రెండో ఉదాహరణ ఇంకా సూటిగా వర్తిస్తుంది, ఎందుకో మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడేవాళ్ళు దాన్ని పట్టించుకోరు. 2004 ఏప్రిల్‌లో హెచ్‌ఐవీ ఉచిత మందులు మొదలైనప్పుడు ఎక్కువ తీవ్రత ఉన్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. అప్పటికి హెచ్‌ఐవీ ఉన్న మనిషిని ఊరు ఎలా చూసేదో గుర్తున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. అయినా ఆ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రాల్లో కేర్ కోఆర్డినేటర్ అన్న పోస్టు పెట్టి, దాన్ని ఆ జబ్బుతో బతుకుతున్నవారికే ఇచ్చారు. మొదటిరోజు వణుకుతూ వచ్చినవాడికి ఎదురుగా ‘నేనూ ఈ మాత్రలే మింగుతున్నాను, ఇదుగో బతికే ఉన్నాను’ అనే మనిషి కనిపించాడు. అప్పుడు కూడా వాళ్ళకు చదువు చాలదన్నారు, రహస్యం దాచలేరన్నారు, నీరసపడితే ఎవరు చూస్తారన్నారు. పోస్టు నిలబడింది. ఇక మానసిక ఆరోగ్యం వైపు చూస్తే, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో మొదలైంది, తొలి విడత నాలుగు జిల్లాల్లో అప్పటి మన మెదక్ ఒకటి. అందులో సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, సోషల్ వర్కర్, నర్సు, లెక్కలు రాసే అసిస్టెంటు దాకా పోస్టులున్నాయి. అనుభవస్థుడికి లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రాష్ట్ర అథారిటీలోనూ సమీక్షా బోర్డుల్లోనూ రోగుల పక్షానికి చోటిచ్చింది. అది సభల్లో కుర్చీ. పీహెచ్‌సీలో బల్ల ఇంకా ఖాళీయే.

ఇప్పుడు అల్లూరుకు వద్దాం. వరిపొలాలు, ఇసకపల్లి వైపు ఉప్పు మడులు, సముద్రం ఒడ్డున పట్టపుపాళేలు, ఎటు చూసినా రొయ్యల గుంటలు. జబ్బు ఒకటే అయినా అది ఒక్కో చోట ఒక్కో పనిని చెడగొడుతుంది. గుంట మీద రాత్రి కాపలా ఉండే మనిషిని తీసుకోండి. అతనికి లేనిపోని గొంతులు వినబడుతున్నాయి, నెల్లూరులో మందులు రాశారు, రాత్రి పడుకునే ముందు వేసుకోమన్నారు. రాత్రి పడుకోకపోవడమే అతని ఉద్యోగం. ఏరియేటర్లు ఆగి జనరేటరు వేయడం ఆలస్యమైతే తెల్లవారేసరికి రొయ్య తేలిపోతుంది, లక్షల్లో నష్టం. మాత్ర వేసుకుంటే కాపలా పోతుంది, మానేస్తే మనిషి పోతాడు. అతను మూడో వారం నుంచి మాత్రలు గుడిసె చూరులో దోపేస్తాడు, డాక్టరుతో ‘వేసుకుంటున్నా సార్’ అంటాడు. డాక్టరు మోతాదు పెంచుతాడు.

ఇక్కడ పీర్ వర్కర్ చేసే పని చాలా చిన్నది. గట్టు మీద కూర్చుని, ‘నేను కూడా మానేసినా అన్నా, నాకూ పొద్దన్నే లేవను చాతకాలా. యాడ దాచినావు?’ అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు నిజం వస్తుంది. తర్వాత వచ్చే ఓపీ రోజున వెంట వెళ్ళి, ఈయన రాత్రి డ్యూటీ మనిషి సార్ అని డాక్టరుకు చెబుతాడు. మందు మార్చాలా వేళ మార్చాలా అన్నది డాక్టరు తేలుస్తాడు. పీర్ వర్కర్ మోతాదు జోలికి పోడు, పోకూడదు. గుంట యజమానితో మాట్లాడి పగటి మేత పనికి మార్పించగలిగితే మంచిదే, ఆ యజమాని ఏమంటాడన్నది వేరే సంగతి. సదరం వైకల్యం సర్టిఫికెట్టు శిబిరం ఎప్పుడో, ఏ కాగితాలు తీసుకుపోవాలో, ‘చూస్తే బాగానే ఉన్నాడే’ అని బల్ల అవతలి మనిషి అన్నప్పుడు ఏం జవాబు చెప్పాలో అతనికి తెలుసు. తనను కూడా ఎవరో ఒకప్పుడు అలాగే అన్నారు. దివ్యాంగుల పింఛను 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయలు. మానసిక జబ్బుకు కూడా వైకల్యం సర్టిఫికెట్టు ఉందని తెలియక ఆ వరసలో నిలబడనివాళ్ళు ఎందరో.

అయితే పీర్ అంటే ఎవరికి పీర్? పుస్తకాల్లో జబ్బు ఒకటైతే చాలు, తోటివాడే. మా వైపు అంత సులువు కాదు. పెద్దకులం వీధిలో డిగ్రీ చదివి దిగులు జబ్బు నుంచి బయటపడ్డ అమ్మాయి యానాదుల కాలనీకి పోతే, అక్కడివాళ్ళకు ఆమె సర్వే చేయడానికి వచ్చిన మేడమ్. వాళ్ళు లేచి నిలబడతారు, నిలబడ్డవాళ్ళు మనసు విప్పరు. పట్టపుపాళెంలో వేటకు పోయే మనిషికి తోటివాడు ఇంకో వేటగాడే. ఆడవాళ్ళ సంగతి మగ పీర్ వర్కర్‌తో చెప్పుకునేది కాదు, కాన్పు తర్వాత వచ్చే దిగులైతే అసలే కాదు. గోవా, రావల్పిండిలలో జరిగిన ఒక ప్రయోగంలో గర్భిణుల దిగులుకు ఊళ్ళోని తల్లులనే సహాయకులుగా పెట్టుకున్నది ఇందుకే. కాబట్టి మండలానికి ఒక పీర్ వర్కర్ అని లెక్క కడితే అది కాగితం మీది లెక్కగానే మిగిలిపోతుంది. ఇద్దరు ముగ్గురుండాలి, వేర్వేరు పాళేల నుంచి రావాలి.

ఇంకో చిక్కు దీనికంటే కఠినమైనది. పీర్ వర్కర్ కావడమంటే ‘నాకు ఆ జబ్బు వచ్చింది’ అని ఊరికి చెప్పుకోవడం. నగరంలో అది ధైర్యం. పల్లెలో ఆ ఖర్చు చెల్లెలి మీద పడుతుంది. సంబంధం చూడటానికి వచ్చినవాళ్ళకు ఎదురింటివాళ్ళు ఏం చెబుతారో అందరికీ తెలుసు. ఈ ఖర్చును లెక్కలోకి తీసుకోకుండా ‘మీ కథ పదిమందికీ చెప్పండి’ అని మైకు ఇచ్చే సభలంటే నాకు గిట్టదు. పక్క మండలంలో పనిచేయనిస్తే కొంత మేలు, అల్లూరు మనిషి విడవలూరులోనో కొడవలూరులోనో తిరగవచ్చు. అప్పుడు ఏ గుంట ఎవరిదో, ఏ ఇంటికి ఎవరు దిక్కో తెలిసిన స్థానిక జ్ఞానం కొంత పోతుంది. రెంటిలో ఏది వదులుకోవాలో ఆ మనిషి, ఆ ఇల్లు తేల్చుకోవాలి, అధికారి కాదు.

కుటుంబం సంగతి కూడా పశ్చిమ దేశాల పుస్తకాల్లో సగమే ఉంటుంది. ఇక్కడ రోగి ఒంటరిగా ఆసుపత్రికి రాడు. అమ్మో, పెళ్ళామో, అక్కో వస్తుంది, మందు పెట్టేదీ ఆమే, దెబ్బలు తినేదీ ఆమే. బెంగళూరులో 1990లలో మొదలైన ఆమెండ్ లాంటి సంఘాలు ఇంటివాళ్ళు ఇంటివాళ్ళ కోసం పెట్టుకున్నవి. మనకు పీర్ వర్కర్ల జట్టులో ఒక తల్లి ఉండాలి. కాకపోతే తల్లి మాటే రోగి మాట అనుకోకూడదు. ఇంటివాళ్ళ కష్టం, రోగి ఇష్టం ఒక్కోసారి ఎదురుబొదురుగా నిలుస్తాయి.

ఇక జీతం సంగతి. సునామీ తర్వాత చెన్నైలోని శ్రీనివాసపురంలో అయినవాళ్ళను పోగొట్టుకున్న కుటుంబాల దగ్గరకు ‘స్నేహ’ సంస్థ వాలంటీర్లు ఏడాదిపాటు వెళ్ళారు. వాళ్ళు తోడున్నవారిలో దిగులు, మనోవేదన తగ్గినట్టు 2008లో ప్రచురించిన అధ్యయనం చూపింది. సముద్రం ఒడ్డు పేటల్లో కూర్చుని వినడం కూడా పనిచేస్తుందనడానికి అది మంచి సాక్ష్యం. విపత్తు తర్వాత వాలంటీర్లు వస్తారు. ఏ విపత్తూ లేని మామూలు ఏడాదిలో, పన్నెండు నెలలూ, గట్ల వెంట తిరిగే మనిషిని వాలంటీరుగా అడగడం అన్యాయం. పైగా ఆ మనిషి అప్పటికే జబ్బు వల్ల కూలి పోగొట్టుకున్నవాడు. ఈ పనిని ఆశా కార్యకర్తకు అదనంగా అంటగట్టడమూ దారి కాదు. రాష్ట్రంలో ఆశాలకు 2019 నుంచి 10,000 రూపాయల గౌరవ వేతనం ఉంది, దానికి రాసే రిజిస్టర్లు, నొక్కే యాప్‌లు ఇప్పటికే చాలు.

పోస్టు పెట్టేవాళ్ళు పీర్ వర్కర్‌కు మళ్ళీ జబ్బు తిరగబెడితే ఏమిటన్నది మొదటిరోజే రాసిపెట్టాలి. సెలవు ఎన్నాళ్ళు, జీతం వస్తుందా, తిరిగొచ్చాక అదే ఊళ్ళు ఇస్తారా అన్నవి తేలాలి. మధుమేహం ఉన్న నర్సుకు సెలవిస్తాం, ఉద్యోగం తీసేయం. నెలకోసారి సోషల్ వర్కర్ దగ్గర కూర్చుని, విన్నవన్నీ దించుకునే ఏర్పాటు ఉండాలి. చచ్చిపోతానన్న మాట వినబడితే ఎవరికి చెప్పాలో, ఎంతసేపట్లో చెప్పాలో ముందే తెలియాలి. రాత్రిపూట అయితే 14416 టెలీ మానస్ ఉంది, 2022 అక్టోబరు నుంచి తెలుగులోనూ పలుకుతోంది.

మొదలుపెడితే దేన్ని కొలవాలి? ఆసుపత్రిలో చేరినవారి సంఖ్యను కాదు, చేరడానికి మంచాలే దూరంగా ఉన్నచోట ఆ అంకె ఏమీ చెప్పదు. మూడో నెలలో, ఆరో నెలలో మందులకు ఎందరు వచ్చారో చూడాలి. ఎందరు మళ్ళీ పనికి పోతున్నారో, ఏ పాళెం నుంచి ఒక్కరూ రాలేదో చూడాలి. పీర్ వర్కర్లలో ఏడాది తర్వాత ఎందరు పనిలో మిగిలారో కూడా లెక్కవేయాలి, వాళ్ళు మానేస్తే ఎందుకు మానేశారో వాళ్ళనే అడగాలి. ఒక్క పీహెచ్‌సీలో, ఇద్దరు ముగ్గురితో, ఆశాకు తగ్గని జీతంతో రెండేళ్ళు నడిపి చూడటానికయ్యే ఖర్చు జిల్లా బడ్జెట్‌లో కనబడనంత చిన్నది. దానికి కావలసింది జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం పోస్టుల పట్టికలో ఒక అదనపు వరస, ఆ వరసలో అర్హత గడి దగ్గర డిగ్రీకి బదులు అనుభవం అని రాయడానికి ఒప్పుకునే అధికారి సంతకం.